బెంగాల్ కరువు మృతులెందరు? సామాజిక పరిశోధన పద్ధతులకు కలకత్తా పాఠం

1943లో బెంగాల్ పల్లెల నుంచి వేలాది నిరుపేద కుటుంబాలు కలకత్తాకు వలస వచ్చాయి. బియ్యం అడిగే ఆశ కూడా లేక, ఇళ్ల ముందు నిలబడి 'ఫ్యాన్ దావ్' అంటూ గంజి అడుక్కున్నాయి. ఆ కరువులో ఎందరు చనిపోయారన్న ప్రశ్నకు మాత్రం ఒకదానికొకటి పొసగని జవాబులు వచ్చాయి. సమాచారం సేకరించే పద్ధతిని బట్టి జవాబు ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

రికార్డుల విశ్లేషణ

ప్రభుత్వం నియమించిన కరువు విచారణ సంఘం 1945లో మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలుగా తేల్చింది. మరణాల నమోదు దీనికి ప్రధాన ఆధారం. ఇలా అప్పటికే ఉన్న లెక్కలపై ఆధారపడటాన్ని ద్వితీయ సమాచార విశ్లేషణ అంటారు. ఖర్చు తక్కువ, విస్తృతి ఎక్కువ. అయితే పల్లెల్లో మరణాల వివరాలు అందించాల్సిన చౌకీదార్లలోనే కొందరు చనిపోయారు, కొందరు ఊరు విడిచారు. లోటు ఉందని గుర్తించిన సంఘం అంకెను కొంత పెంచింది కానీ, ఆ పెంపు సరిపోలేదు.

నమూనా, ప్రాతినిధ్యం

కలకత్తా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం కొన్ని కుటుంబాలను నమూనాగా తీసుకుని, మృతులు 35 లక్షలకు పైమాటేనని 1944లో అంచనా వేసింది. ఆ నమూనా రాష్ట్రం మొత్తానికి ప్రాతినిధ్యం వహించదని విచారణ సంఘం తోసిపుచ్చింది. అభ్యంతరం సహేతుకమే. కరువు తీవ్రంగా ఉన్న ప్రాంతాల నిష్పత్తిని అంతటికీ వర్తింపజేస్తే అంకె పెరుగుతుంది. అయితే అమర్త్యసేన్ 1981లో మళ్లీ లెక్కగట్టినప్పుడు అది 30 లక్షల దగ్గర తేలింది. అంటే అధికారిక సంఖ్యకు దాదాపు రెట్టింపు.

సర్వే

పి.సి. మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మరో ప్రశ్న వేసింది: దెబ్బతిన్నది ఎవరు? 1944-45లో 386 గ్రామాల్లో 15 వేలకు పైగా కుటుంబాలను సర్వే చేసి, కరువుకు ముందు, తర్వాత వారి వృత్తి, ఆస్తి వివరాలను పోల్చింది. వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు ఎక్కువగా చితికిపోయారని ఆ సమాచారం చూపింది. సర్వేకూ పరిమితి ఉంది. గతం గురించి అడిగితే వచ్చేది జ్ఞాపకమే. కుటుంబమంతా తుడిచిపెట్టుకుపోతే జవాబు చెప్పేవారే ఉండరు.

సంస్కృతి

సహాయక కేంద్రాల్లో కొన్నిచోట్ల వరికి బదులు సజ్జ వంటి ధాన్యాలతో జావ పోశారు. తరతరాలుగా వరి అన్నమే తిన్న బెంగాలీలకు అది అలవాటు లేని తిండి. ఆకలితో చిక్కిన శరీరాలకు అరగడమూ కష్టమైంది. 'పెట్టింది తినరేం?' అనుకోవడం తన అలవాట్లే కొలమానంగా ఎదుటివారిని తూచడం. దీన్నే సామాజిక శాస్త్రం స్వజాతి కేంద్రక దృష్టి అంటుంది. ఆ ఆహారానికి వారి జీవితంలో ఉన్న అర్థాన్ని వారి వైపు నుంచి చూడటం సాంస్కృతిక సాపేక్ష దృష్టి. ప్రశ్నావళికి ఇది అందదు, క్షేత్ర పరిశోధన కావాలి. హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటపై ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన అధ్యయనం ఆ కోవలోనిదే.

ఏ ఒక్క పద్ధతీ సంపూర్ణం కాదు. అందుకే ఒకే ప్రశ్నను పలు పద్ధతుల్లో పరీక్షిస్తారు. బెంగాల్‌లో ఒక్క రికార్డులతోనే సరిపెట్టుకుని ఉంటే, సుమారు 15 లక్షల మరణాలు చరిత్ర లెక్కలోకే వచ్చేవి కావు.