కృత్రిమ చెక్క కంచె మరమ్మతు

రంపపు పొట్టు, పాలిథిలిన్ ప్లాస్టిక్ కలిపి తయారుచేసిన పలకల పెరటి కంచెలో పగిలిన, విరిగిన భాగాలను సరిచేసే పని. ఇలాంటి కంచెలు అమెరికా ఇళ్ల పెరళ్లలో బాగా కనిపిస్తాయి. వీటికి రంగు వేయనక్కర్లేదు, చెదల బెడద ఉండదు. అలాగని బలానికి తిరుగులేదనుకోకూడదు. చెట్టుకొమ్మ విరిగిపడినా, కారు తగిలినా పలక చిట్లుతుంది.

మామూలు చెక్కకు పెట్టే లప్పం ఇక్కడ నిలవదు, ఎందుకంటే పాలిథిలిన్‌కు జిగురు సరిగా పట్టదు. గరుకు కాగితంతో రుద్దితే గీత పోయినా మచ్చ మిగులుతుంది. కాబట్టి పలక మార్చడమే అసలైన మరమ్మతు. పలకలు ఒకదానిలో ఒకటి దూరి ఉండే కంచె అయితే, పై అడ్డపట్టీ మరలు విప్పి, విరిగిన పలకను పైకి లాగి కొత్తది దించుతారు. ఎండకు ఇవి వ్యాకోచిస్తాయి. తయారీదారు చెప్పిన సందు వదలకపోతే పలక ఉబ్బి వంగుతుంది. కొత్త పలక రంగు వెలిసిన పాతవాటితో వెంటనే కలవదు. ఎవరూ చూడని మూల నుంచి పాత పలక తెచ్చి ముందు బిగించి, కొత్తదాన్ని ఆ మూలలో పెట్టడం మంచి ఉపాయం.

స్తంభం విరిగితే పని పెద్దదే, కాంక్రీటు దిమ్మతో సహా తవ్వాల్సి రావచ్చు. అమెరికాలో తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే భూగర్భ గ్యాస్, విద్యుత్ లైన్ల దారిని గుర్తుపెట్టి వెళతారు. వారంటీ సాధారణంగా తయారీ లోపాలకే. దెబ్బ తగిలి విరిగిన పలకకు వర్తించదు.