గాలి ఎవరి వైపు వీస్తుంది? నిజాం రోల్స్‌రాయిస్ నుంచి నాచారం లారీ దాకా



మొన్న ఎండాకాలంలో మా ఉప్పల్ పిల్లలు కొందరిని చౌమహల్లా ప్యాలెస్ చూపించడానికి తీసుకుపోయాను. అక్కడ పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉంది. 1911లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డర్ ఇచ్చాడు. కారు చేతికందక ముందే ఆయన పోయాడు, అది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. అందుకే దాన్ని సింహాసనం కారు అంటారు.

ఆటోమొబైల్ డిప్లొమా చదివే ఒక తమ్ముడు చాలాసేపు చూసి అడిగాడు: "అన్నా, దీనికి ఏసీ లేదు గదా. మన ఎండల రాజు ఎట్ల కూసున్నడు?"

అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. వారం తర్వాత నాచారం పారిశ్రామికవాడలో ఒక గోదాము ముందు లారీల వరుస కనబడింది. సరుకు దించే వంతు కోసం ఆగి ఉన్నాయి. ఒక పెద్దమనిషి, డ్రైవరే, లారీ కింద నీడలో తువ్వాల పరుచుకుని పండుకున్నాడు. "లోపల పండుకోవచ్చు గదా అన్నా" అన్నాను. "లోపలనా? పెంక మీద పండుకున్నట్టుంటది తమ్మీ" అన్నాడు.

ఆ రెండు మాటలను కలిపి చూస్తే ఈ వ్యాసం పుట్టింది. బండిలో గాలి చరిత్ర అంటే మిషన్ల చరిత్ర ఒక్కటే కాదు. ఎవరు ఏ సీట్లో కూర్చున్నారు, ఎవరి ఒంటికి విలువ కట్టారు అన్న చరిత్ర కూడా.

ముందు మిషన్ లేని కాలం చూద్దాం. దొరల బంగళాల్లో, కచేరీల్లో పైకప్పుకు పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడ రంధ్రంలోంచి వరండాలోకి పోయేది. అక్కడొక మనిషి గంటల తరబడి ఆ తాడు లాగేవాడు. గాలి లోపల, లాగేవాడు బయట. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలలో కోర్టు పంకా లాగేది అంటరాని కులంవాడే. అందరి ముచ్చటా ఆ గదిలో తేలుతుంది, అతనికి మాత్రం అక్కడ ఏం జరుగుతోందో కూడా తెలియదు.

రెండోది వట్టివేళ్ల తడక. తలుపులకు, కిటికీలకు తడకలు కట్టి నీళ్లు చల్లుతారు. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడుతుంది కాబట్టి హైదరాబాద్ మే నెలకు అది సరిగ్గా సరిపోయే పద్ధతి. ఇవాళ మన ఇళ్లలోని కూలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. 1870ల నాటికే ఫస్ట్ క్లాస్ రైలు పెట్టెలకు ఈ తడకలు వచ్చాయి. కానీ తడక దానంతట అది తడవదు. తోలు సంచిలో నీళ్లు మోసుకొచ్చి చల్లే భిష్తీ కావాలి, ఆయన పేద ముస్లిం. ఆ సంచికి చచ్చిన జంతువు తోలు ఊనే మనిషి కావాలి. తోలు ఊనినవాణ్ణి ముట్టుకోరు. ఆ తోలు సంచి నీళ్లతో చల్లబడ్డ గాలి మాత్రం ఎవరినీ మైలపరచదు! కులం లెక్కలు ఎప్పుడూ ఇంతే.

ఈ పనివాళ్ల ప్రాణానికి ఎంత విలువ ఉండేదో ఒక కేసు చెబుతుంది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు, బగ్గీ సమయానికి రాలేదని తన గుర్రాల పనివాడు కత్వారును కొట్టాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. కోర్టు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయ్ లిట్టన్ ఈ తీర్పును తప్పుపడితే, తెల్లదొరలు ఆయన మీదే మండిపడ్డారు.

మన దగ్గర సికింద్రాబాద్ కంటోన్మెంట్ బంగళాల్లో బట్లర్లుగా, వంటవాళ్లుగా మన మాల మాదిగలు ఎందరో పనిచేశారు. భాగ్యరెడ్డి వర్మ కూడా చిన్నతనంలో ఒక బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరినవాడే. ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. ఇంగ్లండ్‌లో రోల్స్‌రాయిస్ లిమిటెడ్ ఏర్పడింది కూడా అదే 1906లో. ఒకచోట రాజుల సీటు తయారవుతుంటే ఇంకోచోట మనిషిగా నిలబడే జాగా తయారవుతోంది. మన పాఠ్యపుస్తకాలకు మొదటిదే గుర్తుంటుంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆనాటి బ్రిటిష్ ఖరీదైన కార్లలో ఏసీ లేదు, నిజమే. కానీ గాలి ఏర్పాటు బాగానే ఉండేది, వెనక సీటుకు. లాండోలెట్ అనే రకంలో వెనక భాగం టాపును మడిచి దించొచ్చు. లిమోజిన్‌లో డ్రైవర్‌కూ యజమానికీ మధ్య అద్దం గోడ ఉండేది. ఇంజిన్ ముందు, దాని వెనక ఒక రేకు గోడ, ఆ గోడకు ఆనుకుని డ్రైవర్ కాళ్లు. అంటే ఇంజిన్ వేడి మొదట తగిలేది అతనికే. చాలా కార్లలో డ్రైవర్ తల మీద సరైన కప్పు కూడా ఉండేది కాదు. ఎండా వానా అతనికి, నీడా గాలీ వెనకాయనకు. కారు లోపలే ఊరూ వాడా ఉన్నట్టు!

కొందరంటారు, ఇది వర్గం ముచ్చట, కులం కాదు అని. వాళ్లు బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవాలి. 1901లో చిన్న పిల్లవాడైన భీమ్, అన్నతోనూ బంధువుల పిల్లలతోనూ తండ్రిని చూడటానికి కోరేగావ్ బయల్దేరాడు. స్టేషన్‌లో దిగాక ఏ ఎడ్లబండి వాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, బండి మాత్రం పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడిచి వస్తాడు. దారి పొడవునా తాగడానికి నీళ్లు దొరకలేదు. చేతిలో పైసలున్నాయి, అడిగిన కిరాయికి రెట్టింపు ఇచ్చారు. అయినా సీటు మైలపడింది. పైసలుంటే సీటు దొరుకుతుందన్నది వర్గం లెక్క. పైసలున్నా దొరకనివ్వనిది కులం.

మళ్లీ కార్ల దగ్గరికి పోదాం. 1940 మోడల్‌కు అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కారులో ఏసీ పెట్టి అమ్మింది. దాని కూలింగ్ కాయిల్ వెనక సీటు వెనకాల ఉండేది. 1950ల నడుమ రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్‌కు ఏసీ ఇచ్చినప్పుడు కూడా యూనిట్ డిక్కీలోనే పెట్టారు. చల్లగాలి వెనక సీటు మీది పలక నుంచి వచ్చేది. మొదట చల్లబడేది యజమాని మెడ, మిగిలింది ముందుకు. 1975లో వచ్చిన రోల్స్‌రాయిస్ కమార్గ్ ఇంకో అడుగు వేసింది. ముఖానికి ఒక చల్లదనం, కాళ్లకు ఇంకొకటి, రెండూ వేరువేరుగా వాటంతటవే సర్దుకునే ఏర్పాటు అది.

ఇక్కడ విద్యార్థులు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మంచి గాలికి రోల్స్‌రాయిస్ అవసరం లేదు. 1964లో అదే ఇంగ్లండ్‌లో ఫోర్డ్ కంపెనీ, మామూలు కుటుంబాలు కొనే కార్టినా కారుకు 'ఏరోఫ్లో' అనే పద్ధతి పెట్టింది. డ్యాష్‌బోర్డులో ఎటు కావాలంటే అటు తిప్పుకునే గుండ్రటి రంధ్రాల నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. వెనక కిటికీ పక్కనున్న సందుల నుంచి బయటికి పోతుంది. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉంటేనే ఇంట్లో గాలి ఆడుతుందని మన అమ్మలకు తెలిసిన సంగతే. అంటే 1964 నాటికే చవకగా గాలి ఇచ్చే తెలివి లోకంలో ఉంది. ఆ తర్వాత కూడా పనిచేసే మనిషి క్యాబిన్ పెంకలా కాలుతోందంటే కారణం తెలివి లేక కాదు, ఆ మనిషి మీద లెక్క లేక.

మన హైదరాబాద్‌నే చూడండి. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. బ్రిటన్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పుడు మన రోడ్డెక్కాయి. 1942లో హైదరాబాద్ ఆల్విన్ వచ్చింది. ఆ కంపెనీ బస్సు బాడీలూ చేసింది, ఫ్రిజ్‌లూ చేసింది. ఒకే కంపెనీ పేరు మీద ఫ్రిజ్ చల్లగా ఇంటికి పోయింది, బస్సు వేడివేడిగా డిపోకు పోయింది! ఇంజిన్ పక్కన కూర్చుని బండి నడిపిన మన ఆర్టీసీ డ్రైవర్ల మోకాళ్లనడిగితే ఆ చరిత్ర చెబుతాయి.

అంబాసిడర్ సంగతీ అంతే. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మోడల్ మీద తయారై, 2014 దాకా నడిచిన కారు. తెల్ల అంబాసిడర్, కిటికీలకు పరదాలు, వెనక సీటు మీద తెల్ల తువ్వాల. దొరలు పోయినా వెనక సీటు పోలేదు. అందులోకి ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు.

ఇక ఇవాళ. 2023 డిసెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన లారీలన్నింటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని. మంచిదే, స్వాగతిద్దాం. కానీ ఒక లెక్క వేయండి. కమార్గ్ యజమాని ముఖానికీ కాళ్లకూ వేరువేరు చల్లదనం వచ్చింది 1975లో. మన లారీ డ్రైవర్‌కు చట్టం ప్రకారం చల్లగాలి వచ్చింది 2025లో. మధ్యలో సరిగ్గా 50 ఏళ్లు. అది కూడా కొత్త బండికే. నాచారంలో నీడకు పండుకున్న ఆ అన్న నడిపేది పాత లారీ. ఆయనకు ఆ నోటిఫికేషన్ వర్తించదు.

క్యాబ్ డ్రైవర్ల కథ ఇంకో రకం. వాళ్ల కార్లలో ఏసీ ఉంది. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ 'నో ఏసీ' ఉద్యమం చేసింది. ఏసీ వేస్తే ఇంధనం ఖర్చు పెరుగుతుంది, యాప్ ఇచ్చే కిరాయి ఆ ఖర్చుకు చాలడం లేదన్నది వాళ్ల వాదన. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సవారీ కోసం ఎదురుచూసే తమ్ముళ్లను చూడండి. అద్దాలు దించి, ఏసీ బంద్ పెట్టి చెమటలు కక్కుతుంటారు. సవారీ ఎక్కగానే ఏసీ ఆన్. పంకా తాడు ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది, అంతే తేడా.

అయినా ఒక మంచి ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి ఉప్పల్ మీదుగా మెట్రో మొదలైంది. అందులో ఫస్ట్ క్లాస్ లేదు. టికెట్ కొన్న ఆఫీసరుకూ, ఇళ్లలో పనికి పోయే అమ్మకూ ఒకే పెట్టె, ఒకే గాలి. డ్రైవర్ క్యాబిన్ కూడా చల్లనే. టికెట్ ధర పేదవాడికి అందుతోందా అన్నది వేరే కొట్లాట, అదీ చేద్దాం. కానీ గాలిని సమానంగా పంచొచ్చని ఆ పెట్టె రోజూ రుజువు చేస్తోంది.

కాబట్టి చౌమహల్లాకు పోండి, ఆ పసుపు కారును చూడండి. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పనితనాన్ని మెచ్చుకోండి కూడా, అది కార్మికుల చేతి పనే. కానీ వెనక సీటు దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి. ముందు సీటు దగ్గర ఒక నిమిషం నిలబడండి. ఎండాకాలం ఒక పని కూడా చేయండి. థర్మామీటర్ పట్టుకుని నాచారంలో ఆగి ఉన్న లారీల దగ్గరికి పోండి. డ్రైవర్ అన్నలను అడిగి మధ్యాహ్నం పూట క్యాబిన్ వేడిని రాసుకోండి, తారీఖు, టైముతో సహా. పాత లారీలకు కనీసం గాలి ఆడే ఏర్పాటు, సరుకు దించే చోట నీడ, తాగునీళ్లు, పండుకునే జాగా కావాలని అడగడానికి ఆ కాగితమే మన చేతిలో సాక్ష్యం అవుతుంది.

తమ్ముడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. రాజు కారుకు ఏసీ లేదు, నిజమే. రాజులకు చల్లగాలి మనుషుల చేతుల నుంచి వచ్చేది. ఆ చేతులు మనవి. ఆ గాలిలో మన వాటా ఇంకా బాకీ ఉంది.

వచ్చే భాగంలో మళ్లీ కలుద్దాం. జై భీమ్.