జాబితా చదివిన పిల్లలు

హైస్కూలు పిల్లలతో పోలింగ్ పని చేయించడం అమెరికా వాళ్ళ ఆలోచన అని అనుకోవడం మనకు అలవాటైపోయింది. అక్కడి కథ అక్కడికి నిజమే. 2000లో ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు రభసయ్యాక, 2002లో వచ్చిన ‘హెల్ప్ అమెరికా వోట్’ చట్టం విద్యార్థులను పోలింగ్ కేంద్రాల వైపు పిలిచింది. చాలా రాష్ట్రాల్లో పదహారేళ్ళ వాళ్ళు కూడా ఆ బల్లల దగ్గర కూర్చుంటున్నారు. 2020లో కొవిడ్ భయంతో ముసలి సిబ్బంది వెనక్కి తగ్గితే, ఆ ఖాళీల్లోకి పిల్లలనే రమ్మన్నారు.

మన దగ్గర ఇదంతా 2018 జనవరిలో ఎన్నికల సంఘం బడుల్లో పెట్టించిన ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులతో మొదలైందని చెప్పే వరుస ఒకటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పెరిగిన వాళ్ళకు ఆ వరుస మింగుడుపడదు. ఇక్కడి బడిపిల్లలు అంతకు ఎంతో ముందు నుంచే పోలింగ్ పనిలో ఉన్నారు. కాకపోతే పోలింగ్ కేంద్రం గోడకు బయటి వైపు.

తొలి ఎన్నికల సంగతి అందరూ చెప్పేదే. 1951-52లో తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ హయాంలో అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. తర్వాత బ్యాలెట్ కాగితం మీద ముద్ర, 2004కి దేశమంతా ఈవీఎం మీట. చదువురాని జనానికి గుర్తే దారి చూపిందని చెప్పి చరిత్ర రాసేవాళ్ళు ఆ అధ్యాయం మూసేస్తారు. నా పేచీ అక్కడే. గుర్తు పనికొచ్చేది ఓటు వేసే క్షణంలో. అంతదాకా వెళ్ళాలంటే జాబితాలో పేరు దొరకాలి, భాగం సంఖ్య, వరుస సంఖ్య తెలియాలి. ఆ జాబితాలో బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. పేర్లు కూడా అకారాది వరుసలో ఉండవు, ఇంటి నంబర్ల వరుసలో ఉంటాయి. 2011 జనగణన నాటికి కూడా నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఉంది. చదవగలిగిన పెద్దవాళ్ళలో చాలామంది పాలమూరు వలసలో బొంబాయికో పుణెకో పోయినవాళ్ళు. ఊళ్ళో మిగిలిన చదువరి ఎవరు? తొమ్మిదో తరగతి పిల్లగాడు.

1989 నవంబరులో ఆ పిల్లగాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా ఊరు కల్వకుర్తి నియోజకవర్గంలోది. ముఖ్యమంత్రి ఎన్టీఆర్ అక్కడ నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయిన ఎన్నిక అది. బడికి కాస్త ఎడంగా వేపచెట్టు కింద ఒక పార్టీ వాళ్ళు బెంచీ వేసి, జాబితా, చీటీల కట్ట నా ముందు పెట్టారు. కూలి ఒక ఉప్మా పొట్లం. వచ్చిన అవ్వను పేరడిగితే ‘బుడ్డమ్మ’ అంటుంది. జాబితాలో బుడ్డమ్మ ఉండదు, లక్ష్మమ్మ ఉంటుంది. అదే వాడలో లక్ష్మమ్మలు నలుగురు. “నీ పెనిమిటి పేరేందవ్వా?” అంటే పెదవి విప్పదు. మొగుని పేరు నోటితో ఎట్లా చెబుతుంది? “మా శీనుగాని నాయిన” అంటుంది. ఆ శీనుగాడు మా తరగతే కాబట్టి హాజరుపట్టీలో విన్న తండ్రి పేరు గుర్తొచ్చి, వేలు ఆ వరుస మీద ఆగేది. బయటి నుంచి డ్యూటీకి వచ్చిన ఏ గుమాస్తాకూ ఆ పని చేతనయ్యేది కాదు.

ఇందులో గొప్పలు పోవడానికేమీ లేదు. ఆ బెంచీ పార్టీది. చెట్టు కింద కూర్చోబెట్టేది మోతుబరి చెప్పినవాణ్ణే, అదీ హైస్కూలు దాకా చేరిన కులాల పిల్లలనే. ఆడపిల్లలను అక్కడ చూసిన గుర్తు లేదు. అవతలి పార్టీ మనిషి చీటీ అడిగితే మెల్లగా వెతకమని పక్కనుండే పెద్దమనిషి కన్ను గీటేవాడు. నేను మెల్లగానే వెతికాను. 2014లో ఇదే కల్వకుర్తి ఫలితం 78 ఓట్లతో తేలిందని చదివినప్పుడు ఆ వెతుకులాటే గుర్తొచ్చింది.

ఇక్కడొక చట్టం మాట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 26వ సెక్షన్ ప్రకారం పోలింగ్ అధికారి ఎవరైనా రాకపోతే, అక్కడున్న ఏ మనిషినైనా ప్రిసైడింగ్ అధికారి ఆ పనిలో పెట్టుకోవచ్చు. అభ్యర్థి కోసం పనిచేసినవాడు కాకూడదు, అంతే షరతు. ఆ సెక్షన్‌లో వయసు మాట లేదు. అంటే చట్టం భయపడింది పక్షపాతానికి, పసితనానికి కాదు. మేము చెట్టు కింద చేసిన పనికి అడ్డు మా వయసు కాదు, మా బెంచీయే.

తర్వాతి మార్పులు చకచకా జరిగిపోయాయి. 2006 నుంచి బూత్ లెవెల్ ఆఫీసర్లు (బీఎల్ఓలు) వచ్చారు, ఇంటింటికీ సర్కారు చీటీ వచ్చింది. బడిపిల్లలకు నమూనా ఎన్నికలు, ముగ్గుల పోటీలు, ర్యాలీలు మిగిలాయి. చేతికి పని పోయి నినాదం వచ్చింది. దీన్ని ముందడుగు అనడానికి నాకు మనసొప్పదు.

2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం పిల్లలను ఎన్నికల పనిలో ఏ రూపంలోనూ వాడొద్దని పార్టీలకూ అధికారులకూ గట్టిగా చెప్పింది. ఎండలో జెండాలు మోయించే, పాటలు పాడించే పార్టీల సంగతి చూస్తే ఆ ఆదేశం సబబే. అందులోనూ పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పరాగం అంటించే క్రాసింగ్ పనికి పిల్లలు బడి మానేసిన గద్వాల ప్రాంతంలో బాలల శ్రమ గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కానీ జెండా మోయించడాన్నీ, జాబితాలో పేరు వెతికి పెట్టడాన్నీ ఒకే గాటన కట్టడం తొందరపాటు. పదిహేడు నిండినవాళ్ళ ఓటరు దరఖాస్తును 2022 నుంచి ముందుగానే తీసుకుంటున్న సంఘమే, వాళ్ళు ఆ జాబితాను ఇంకొకరికి చదివి పెట్టడానికి ఒప్పుకోదు. ఈవీఎం దగ్గర పిల్లలను కూర్చోబెట్టమని నేననను. కంట్రోల్ యూనిట్ దగ్గర గొడవ జరిగితే జవాబు చెప్పాల్సింది జీతం తీసుకునే మనిషే. చూపులేని ఓటరు వెంట కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళే తోడుకు 18 ఏళ్ళుండాలన్న నియమమూ సరైనదే. నేనడిగేది ఆవరణలో బీఎల్ఓ కూర్చునే ఓటరు సహాయ కేంద్రంలో ఒక కుర్చీ. ఏ పార్టీ పెట్టనిది, ఆడపిల్లకూ దక్కేది, ఉప్మా పొట్లానికి బదులు భత్యం ఉండేది.

మొన్నటి లోక్‌సభ ఎన్నికలకు, 2024 మే 13కి, ఊరికి వెళ్ళాను. ముందురోజు రాత్రి అరుగు మీద ఇంటర్ చదివే పిల్ల ఫోన్‌లో ఓటరు హెల్ప్‌లైన్ యాప్ తెరిచింది. చుట్టూ ఐదారుగురు అవ్వలు. పేరు కొడితే అదే పేరుతో బోలెడుమంది వస్తున్నారు. “పెనిమిటి పేరు చెప్పవ్వా” అని అడిగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల ఇంకోసారి అడగకుండా లోపలికి పోయి గోడమీది ఫొటో కింద రాసి ఉన్న పేరు చూసి వచ్చి, వరుస సంఖ్య కాగితం ముక్క మీద రాసిచ్చింది. అవ్వ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.