మాచ్‌ఖండ్: ఇద్దరు ఓనర్ల పాత సిస్టం

మన ఆఫీసుల్లో ఓ పాత సర్వరుంటుంది చూడండి, ఇద్దరు మేనేజర్లూ ఊ అంటే తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు. అరకు నుంచి ముంచంగిపుట్టు మీదుగా వెళ్తే, సరిహద్దు దాటాక సరిగ్గా అలాంటిదే ఒకటుంది: మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. డుడుమ జలపాతం దగ్గర, లోయ అడుగున. కిందకి వించి మీద దిగాలి.

దీనికి పథకం వేసింది స్వాతంత్ర్యానికి ముందే, మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి. 1955లో మొదలై 1959కల్లా ఆరు యూనిట్లూ తిరిగాయి. ఇప్పటి లెక్కలో 120 మెగావాట్లు. మొదట్లో కరెంటు వాటా ఆంధ్రాకి 70 శాతం, ఒరిస్సాకి 30.

యంత్రాలు అరిగేకొద్దీ అవే నీళ్ళకి తక్కువ కరెంటు వస్తుంది. టర్బైన్లు మారిస్తే కొత్త డ్యాం అక్కర్లేకుండానే ఎక్కువొస్తుంది. ఇంజనీర్లకి తెలిసిన సంగతే. కానీ రెండు రాష్ట్రాలూ ఒప్పుకోవాలిగా! వాటా ఎంత, ఖర్చెవరిది అన్న దగ్గరే ఏళ్ళు గడిచిపోయాయి. ఆధునీకరణ ఖర్చూ కరెంటూ చెరిసగం అని చివరికి 2020లో ఒప్పందం కుదిరింది. అప్పటికి మొదటి యూనిట్ వయసు 65!

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, జలపుట్ రిజర్వాయరు కింద ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. వాటిలో గిరిజనులవి చాలా. భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలన్న పెసా చట్టం 1996లో గానీ రాలేదు. పాత యంత్రం మార్చడానికి రెండు సంతకాల కోసం ఇన్నేళ్ళు ఆగాం. ఊళ్ళు ముంచేటప్పుడు మాత్రం అంత ఓపిక ఎవరికీ లేకపోయింది.