గ్రీకు స్వరాంతరములు – ఆంగ్లానువాదము

ఒక శాస్త్రమును పరభాషనుండి స్వభాషకు దెచ్చునపుడు కఠినపదముకంటె సులభపదమే మనల నెక్కువగ మోసగించును. కఠినపదమును జూచి నిలిచి విచారింతుము. సులభపదమును విచారింపకయే దాటిపోదుము. గ్రీకుల స్వరాంతరముల పేరులు ఆంగ్లమునకు వచ్చిన చరిత్రమందు దీనికి మంచి నిదర్శనములు కలవు.

మన షడ్జమునుండి శుద్ధమధ్యమమువరకు గల యంతరమును గ్రీకులు ‘దియాతెస్సరోన్’ అనిరి. ‘నాల్గింటి మీదుగ’ అని యర్థము. పంచమమువరకు గలది ‘దియాపెంతె’, అనగా ‘అయిదింటి మీదుగ’. తారస్థాయి షడ్జమువరకు గలది ‘దియాపాసోన్’, అనగా ‘అన్నింటి మీదుగ’. ఇందు ‘తంత్రులు’ అను మాట అధ్యాహార్యము. వాద్యముపై వాదకుని వ్రేళ్లు నడచిన దారియే యీ పేరులందు నిలిచియున్నది.

ఆంగ్లమున నివి ‘ఫోర్త్’, ‘ఫిఫ్త్’, ‘ఆక్టేవ్’ అయ్యెను. తంత్రులు పోయి యంకెలు మాత్రము మిగిలెను. నాలుగును అయిదును గూడిన తొమ్మిది గదా, ఎనిమిది యెట్లయ్యెనని బాలు రడిగినచో తప్పు వారిది కాదు. నడిమి స్వరము రెండుమారులు లెక్కకు వచ్చుచున్నది. తంత్రీదైర్ఘ్యముల నిష్పత్తులను జూచిన చిక్కు విడిపోవును: 4:3ను 3:2తో గుణింపగా 2:1 వచ్చును.

ఇంతకంటె సూక్ష్మమగు చిక్కు వేఱొకటి కలదు. దియాపెంతెకును దియాతెస్సరోనుకును గల భేదము ‘తోనోస్’. దాని నిష్పత్తి 9:8. దియాతెస్సరోనునుండి రెండు తోనోసులు తీసివేయగా 256:243 నిష్పత్తి గల చిన్న యంతరము శేషించును. దానిని ‘లెయిమ్మా’, అనగా ‘శేషము’ అనిరి. ఇది తోనోసులో సగముకంటె నించుక తక్కువ. సంఖ్యలే ప్రమాణమనిన పైథాగొరసు మతస్థులు తోనోసు రెండు సమభాగములు కానేరదనిరి. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమువాడగు అరిస్తోక్సెనుసు చెవిని ప్రమాణముగ గొని, దియాతెస్సరోను రెండున్నర తోనోసులనెను. లెయిమ్మాను ‘సెమిటోన్’, అనగా ‘అర్ధస్వరము’ అని తెనిగించినట్లు ఆంగ్లీకరించినవాడు తనకు దెలియకయే యొక పక్షమును జేరుచున్నాడు.

‘హర్మోనియా’ గతి మఱియు విచిత్రము. పలకల కూర్పునకు పేరైన యీ పదమును 5వ శతాబ్దమువాడగు ఫిలొలావుసు దియాపాసోనునకు వాడెను. ప్లేటో కాలమున నది స్వరసంధాన భేదములకు పేరు. దానిని ‘హార్మొనీ’ అన్నచో, పలుస్వరము లొక్కమారు మ్రోగుటను ప్లేటో విమర్శించెనని చదువరి భ్రమపడును. అరిస్తోక్సెనుసు గ్రంథమును 1902లో ఆంగ్లమున బ్రకటించిన మక్రాన్ మొదలు, 1989లో గ్రీకు స్వరశాస్త్రగ్రంథముల సంపుటము వెలువరించిన బార్కర్ వఱకు, పండితులు వివరణము లేక యీ పని సాగదని యెఱిగిరి.

మన 22 శ్రుతులను ‘క్వార్టర్ టోన్’లని యాంగ్లమున చెప్పువారుకూడ నిట్లే పొరపడుచున్నారు, పాదస్వరములైనచో నవి 24 కావలెను. సరియైన పదము దొరకనిచోట మూలపదమునే నిలిపి, దాని యర్థమును విప్పి చెప్పుట భాషకు లోపము కాదు. సత్యమునకు జేయు మర్యాద.