సెల్లార్‌లో ఇంకో కంప్యూటర్

రాత్రి షిఫ్టు అంటే చాలావరకు చూస్తూ కూర్చోవడమే. హైదరాబాదులో ఒక ఆఫీసు ఐదో అంతస్తులో నేను కూర్చునేవాణ్ణి. నేను చూడాల్సిన సర్వర్లు వేరే ఊళ్ళో ఉండేవి, వాటిని ఎప్పుడూ కళ్ళతో చూసింది లేదు. ఓ రాత్రి వాటిలో ఒకదానిలోకి వెళ్ళి టాప్ కమాండ్ కొడితే లిస్టులో అన్నిటికన్నా పైన కిప్మీ0 అనే పేరు కనిపించింది. ఒక సీపీయూ కోర్‌ని నూటికి నూరు శాతం అదే తినేస్తోంది. అదేంటో నాకు తెలీదు. వెతికితే ఐపీఎంఐ డ్రైవర్ తాలూకు కెర్నెల్ థ్రెడ్ అని తేలింది. డేటాబేస్ నడిచే మెషీన్లో దీంతో పనేంటి అనుకుని, ఆ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టి రీబూట్ చేశాను. లోడ్ గ్రాఫ్ చక్కగా కిందికి దిగింది. పొద్దున హ్యాండోవర్ మెయిల్లో ఆ సంగతి కాస్త గొప్పగానే రాసుకున్నాను.

నేను తీసేసింది ఏమిటో అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

దాదాపు ప్రతి సర్వర్ మదర్‌బోర్డు మీదా ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, అందరూ బీఎంసీ అంటారు. దీనికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉంటాయి. సర్వర్ ఆపేసి ఉన్నా స్టాండ్‌బై కరెంటు మీద ఇది మేలుకునే ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్లో ఓ గది ఇచ్చి పెట్టుకునే వాచ్‌మన్ లాంటిది. ఫ్యాన్లు తిరుగుతున్నాయా, వేడి ఎంత, వోల్టేజి ఎంత అని చూస్తుంది, తేడా వస్తే సిస్టమ్ ఈవెంట్ లాగ్ అనే పుస్తకంలో టైముతో సహా రాసిపెడుతుంది. మెషీన్‌ని ఆపే, వేసే తాళాలు కూడా దాని దగ్గరే. ఫ్లాట్ల వాళ్ళకి వాచ్‌మన్ గది ఎలా ఉంటుందో తెలియనట్టే, పైన ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేసే మనకి ఇది ఉందనే తెలియదు.

1990ల్లో ఈ వ్యవహారం ఏ కంపెనీకి ఆ కంపెనీది. కాంపాక్ సర్వర్ కొంటే కాంపాక్ టూల్సే వాడాలి, ఇంకొకరివి పనికిరావు. 1998 సెప్టెంబరులో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ నాలుగూ కలిసి ఐపీఎంఐ 1.0 అనే ప్రమాణం ప్రకటించాయి. ఎవరి బోర్డు అయినా వాచ్‌మన్‌తో మాట్లాడే భాష ఒకటే ఉండాలన్నది ఉద్దేశం. పోటీలో ఉన్న కంపెనీలు ఇలా ఒక భాషకి ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

అయితే పైనున్న కెర్నెల్ గొంతు కిందున్న బీఎంసీకి వినబడేదెలా? ప్రమాణంలో మూడు దారులు ఇచ్చారు. వాటిలో బాగా నిలబడ్డది కేసీఎస్, అంటే కీబోర్డ్ కంట్రోలర్ స్టైల్. నాకు నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చినప్పుడు అందులో కీబోర్డు చూసుకోవడానికి ఇంటెల్ 8042 అనే చిన్న చిప్పు పెట్టారు. దానితో మాట్లాడే పద్ధతి చాలా సింపుల్: రెండు పోర్టులు. ఒకదాంట్లో డేటా, రెండోదాంట్లో స్టేటస్. 'నువ్వు పెట్టింది నేనింకా తీసుకోలేదు' అని ఒక బిట్టు, 'నీకోసం ఒకటి పెట్టాను' అని ఇంకో బిట్టు. పద్నాలుగేళ్ళ తర్వాత సర్వర్ల కోసం ప్రమాణం రాసినవాళ్ళు దాదాపు ఆ మర్యాదనే తీసుకున్నారు. సాధారణంగా సీఏ2, సీఏ3 అనే పోర్టులు. ఒక్కొక్క బైటే పెట్టాలి, అవతలివాడు తీసుకునేదాకా ఆగాలి, మళ్ళీ ఒకటి పెట్టాలి. లక్షల రూపాయల సర్వర్ తన ఆరోగ్యం గురించి కబురు తెలుసుకునేది ఇప్పటికీ కీబోర్డు మీటలు నొక్కినంత నిదానంగానే.

ఇంకో ముచ్చట. ఆ పాత 8042 చిప్పుకి కీబోర్డుతో సంబంధం లేని ఒక అధికారం కూడా ఉండేది. అప్పటి 80286 ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్తే రీసెట్ చేస్తే తప్ప వెనక్కి రాలేదు. అందుకని ఐబీఎం వాళ్ళు రీసెట్ తీగని తెచ్చి ఈ చిప్పుకి తగిలించారు. యజమానిని పడుకోబెట్టి లేపే హక్కు గుమాస్తాకి ఇవ్వడం అప్పుడే మొదలైందన్నమాట.

లైనక్స్‌కి ఐపీఎంఐ డ్రైవర్ రాసింది మాంటావిస్టా కంపెనీలో పనిచేసిన కోరీ మిన్యార్డ్. ఫైళ్ళ మీద కాపీరైట్ 2002 అని ఉంటుంది, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్లో ఇది ఉంది. డ్రైవర్ అన్నానే గానీ ఇది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో మెసేజ్ హ్యాండ్లర్, దాని కింద హార్డ్‌వేర్‌తో మాట్లాడే సిస్టమ్ ఇంటర్‌ఫేస్ ముక్క, పైన ప్రోగ్రాములకి డివైస్ ఫైల్ చూపించే ముక్క. ఇవిగాక వాచ్‌డాగ్‌కి వేరు, పవర్ ఆఫ్ చేయడానికి వేరు. ఒకటి లోడ్ చేసి ఇంకోటి మర్చిపోతే డివైస్ ఫైలే కనబడదు, టూల్ మాత్రం 'డివైస్ తెరవలేకపోయాను' అని విసుక్కుంటుంది. కొత్తవాళ్ళందరూ ఒకసారి ఇక్కడ తలబాదుకుంటారు. బీఎంసీ ఏ పోర్టుల దగ్గర ఉందో డ్రైవర్ మామూలుగా తానే వెతుక్కుంటుంది. బయోస్ ఇచ్చే ఏసీపీఐ, ఎస్ఎంబయోస్ పట్టికల్లో అడ్రసు రాసి ఉంటుంది. రాయకపోయినా, తప్పు రాసినా మాడ్యూల్ పారామీటర్లతో మనమే చెప్పాలి.

ఇక కిప్మీ0 సంగతి. కేసీఎస్‌లో ఇంటరప్ట్ ఇవ్వడం తప్పనిసరి కాదు. చాలా బోర్డులు ఇవ్వవు. అంటే జవాబు సిద్ధమయ్యాక బీఎంసీ వచ్చి తలుపు కొట్టదు, కెర్నెలే మాటిమాటికీ వెళ్ళి 'వచ్చిందా? వచ్చిందా?' అని అడగాలి. ఆ అడిగే పనివాడే కిప్మీ0. వాడు సీపీయూని నూరు శాతం తింటున్నట్టు కనిపిస్తాడు గానీ, వాడి నైస్ విలువ 19, అందరికన్నా తక్కువ ప్రాధాన్యం. ఇంకెవరికైనా సీపీయూ కావాల్సి వస్తే పక్కకి జరుగుతాడు. ఎవరూ కూర్చోని కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను లేపి బయటికి పంపాను. నిజంగా చిరాకనిపిస్తే ఒక పారామీటర్ ఉంది, ఒక్క విడతలో ఎన్ని మైక్రోసెకన్లు అడిగి పడుకోవాలో చెప్పొచ్చు. ఒక్క లైను పని.

ఆ సర్వర్లో ఫ్యాన్లు, వేడి చూసే మానిటరింగ్ స్క్రిప్టు రాసింది కూడా నేనే. అది డివైస్ ఫైల్ ద్వారా బీఎంసీని అడిగేది. నేను డ్రైవర్ తీసేశాక జవాబు రావడం మానేసింది. జవాబు రాకపోతే ఏం చేయాలో స్క్రిప్టులో నేను రాయలేదు. జవాబులో తప్పేమీ లేదు కాబట్టి డ్యాష్‌బోర్డు మీద అది పచ్చగానే ఉంది.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఆ మెషీన్ ఆగిపోయింది. ఆగిపోయినా వాచ్‌మన్ మేలుకునే ఉంటాడు కదా, నెట్‌వర్క్ దారిలో బీఎంసీలోకి వెళ్ళి లాగ్ చదివాను. పదకొండు రోజుల కింద ఒక ఫ్యాన్ ఆగింది. రెండు రోజుల కింద ఇంకోటి. ఆ రోజు మధ్యాహ్నం వేడి మొదటి గీత దాటింది, సాయంత్రం చివరి గీత దాటింది, పవర్ తీసేశారు. అన్నీ టైములతో సహా ఉన్నాయి. తిరిగి వేస్తే రెండు డిస్కులు లేవలేదు. అంతకుముందు రాత్రి బ్యాకప్ ఉంది, ఆ పగలంతా జరిగిన లావాదేవీలు పోయాయి. రిపోర్టులో 'హార్డ్‌వేర్ ఫెయిల్యూర్' అని రాశారు. అది అబద్ధం కాదు. నేను సరిదిద్దలేదు.

నేను లాగ్ చదవడానికి వెళ్ళిన నెట్‌వర్క్ దారికి దాని సొంత కథ ఉంది. అది 2001లో 1.5తో వచ్చింది, 2004లో 2.0తో గట్టిపడింది. గట్టిపడిందనే అందరూ అనుకున్నారు. 2013లో డాన్ ఫార్మర్ (1995లో వీట్సే వెనెమాతో కలిసి సేటన్ అనే స్కానర్ రాసినాయన) ఐపీఎంఐని విప్పి చూపించాడు. 2.0 లాగిన్ పద్ధతి ప్రకారం, సరైన యూజర్ పేరు చెప్పి అడిగితే చాలు, అడిగేది ఎవరో తేల్చుకోకముందే బీఎంసీ పాస్‌వర్డ్ హ్యాష్ చేతిలో పెట్టేస్తుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా పగలగొట్టుకోవచ్చు. ఇది ఎవరో చేసిన బగ్ కాదు, ప్రమాణంలోనే అలా ఉంది. కొన్ని మెషీన్లలో సైఫర్ జీరో అనే ఎంపిక తెరిచి ఉంటే ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానిస్తుంది. ఆ ఏడాది జులైలో అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం కూడా హెచ్చరిక జారీ చేసింది. ఇల్లంతా తాళాలు వేసుకుని వాటన్నిటి గుత్తీ వీధి గేటుకి తగిలించడం ఇదే. నేను లోపలి దారి మూసి, బయటి దారి తెరిచే ఉంచాను. సరిగ్గా తలకిందులుగా చేశానన్నమాట.

2015లో డీఎంటీఎఫ్ సంస్థ రెడ్‌ఫిష్ తెచ్చింది, ఇది వెబ్ భాషలో మాట్లాడుతుంది. ఐపీఎంఐకి కొత్త వెర్షన్లు ఇక రావని ఇంటెలే చెప్పేసింది. అయినా ఐపీఎంఐ పోలేదు.

కొన్నాళ్ళ కింద ఊరికే కెర్నెల్ సోర్సులో ఐపీఎంఐ ఫోల్డర్ తెరిచాను. 2018లో వచ్చిన కొన్ని కొత్త ఫైళ్ళు కనిపించాయి. అవి కేసీఎస్‌కి బీఎంసీ వైపు నుంచి మాట్లాడే డ్రైవర్లు. ఓపెన్‌బీఎంసీ లాంటి ప్రాజెక్టుల వల్ల సెల్లార్లో ఉన్నవాడు కూడా ఇప్పుడు లైనక్సే. పైన ఒక కెర్నెల్, కింద ఒక కెర్నెల్, మధ్యలో 1984 నాటి రెండు పోర్టులు. అడిగేవాడి కోడూ, జవాబిచ్చేవాడి కోడూ ఒకే ఫోల్డర్లో.

ఆ సర్వర్ని మళ్ళీ కట్టినప్పుడు బ్లాక్‌లిస్ట్ తీసేసి మైక్రోసెకన్ల పారామీటర్ పెట్టాను. స్క్రిప్టులో జవాబు రాకపోతే ఎర్రగా చూపించమని రాశాను. కాన్ఫిగ్ ఫైల్లో ఆ లైను పైన ఒక కామెంటు పెట్టాను: 'ఇది తీయొద్దు. ఒకసారి నేను తీశాను.' తేదీ, నా పేరు రాశాను. రిపోర్టులో రాయని మాట నేను రాసింది అక్కడొక్కచోటే.