చంటిబిడ్డలు – తవుడు చుక్కలు

తల్లిపాలను మించిన ఆహారం శిశువునకు మరొకటి లేదని ప్రతి ఆరోగ్యశాస్త్ర పాఠ్యగ్రంథమూ చెబుతుంది. అది నిజమే. కాని బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే వైద్యుడు రోజుకు 400 యూనిట్ల చొప్పున విటమిన్ డి చుక్కలు వ్రాసి ఇస్తున్నాడు. ఆరు నెలలు నిండగానే ఆశా కార్యకర్త వారానికి రెండుసార్లు ఒక్కొక్క మిల్లీలీటరు ఇనుము మందు పోయవలెనని చెప్పి సీసా ఇచ్చిపోతున్నది. తల్లిపాలు సంపూర్ణాహారమైతే ఈ చుక్కలెందుకు? చుక్కలు అవసరమైతే పాలు సంపూర్ణమెట్లయినవి? తరగతిలో చురుకైన విద్యార్థి తప్పక అడిగే ప్రశ్న ఇది. దీనికి సమాధానం ఒక్కమాటలో చెప్పడం కష్టం. ఆ సమాధానం దొరకడానికి పట్టిన కాలమూ, పోయిన ప్రాణాలూ తక్కువ కావు. ఆ కథలో ముఖ్యభాగం ఫిలిప్పీను దీవులలోని మనీలా నగరంలో జరిగింది.

ఇరవైయవ శతాబ్ది తొలి సంవత్సరాలలో మనీలాలో శిశుమరణాలు భయంకరంగా ఉండేవి. స్పెయిను చేతినుండి 1898లో ఆ దీవులను తీసుకున్న అమెరికా ప్రభుత్వపు వైద్యులను ఒక విషయం కలవరపెట్టింది. వారి దేశంలోనూ, ఐరోపాలోనూ సీసాపాలు త్రాగే పిల్లలే ఎక్కువగా చనిపోయేవారు. మనీలాలో చనిపోయిన పిల్లలలో అధికభాగం తల్లిపాలు త్రాగినవారే. ఇక్కడ లెక్కలు చదివే విద్యార్థి ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఊరిలోని పిల్లలలో చాలామంది తల్లిపాలే త్రాగుతూ ఉంటే, చనిపోయినవారిలోనూ వారే ఎక్కువగా ఉండడం వింత కాదు. ఆ ఒక్క అంకెతో తల్లిపాలను దోషి అనరాదు. అయితే 1910లో మెక్‌లాఫ్లిన్, ఆండ్రూస్ అనే వైద్యులు చనిపోయిన పసిపిల్లల శవపరీక్షలు జరిపి ప్రకటించిన ఫలితం మరింత గట్టిది. వారు పరీక్షించిన శవాలలో సగానికి మించినవాటిలో గుండె కుడిభాగం ఉబ్బి, శరీరంలో నీరు చేరి, బెరిబెరి వ్యాధి గుర్తులు కనిపించాయి.

ఈ జబ్బును ఫిలిప్పీను తల్లులు ఎప్పటినుండో ఎరుగుదురు. వారు దానిని ‘తావోన్’ అనేవారు. హోసే ఆల్బర్ట్, మాన్యుయెల్ గెర్రెరో వంటి ఆ దేశపు వైద్యులు అంతకుముందే దీనిని గూర్చి వ్రాశారు. రెండు మూడు నెలల బిడ్డ, చూపునకు బొద్దుగా, ఆరోగ్యంగా ఉంటుంది. ఉన్నట్టుండి పాలు కక్కడం మొదలుపెడుతుంది. మూత్రం తగ్గుతుంది. ఆయాసం వస్తుంది. పెదవులు నీలిబారుతాయి. మరికొందరిలో గొంతు పోతుంది: బిడ్డ నోరు తెరచి ఏడుస్తున్నట్లు కనిపిస్తుంది గాని ఏడుపు వినిపించదు. కొన్ని గంటలలోనో, కొన్ని రోజులలోనో ప్రాణం పోతుంది. అదే తల్లి అంతకుముందు కన్న బిడ్డలు కూడ ఇట్లే, ఇదే వయసులో పోయి ఉంటారు. తల్లిని పరీక్షిస్తే కాళ్ళ తిమ్మిరులు తప్ప పెద్ద జబ్బేమీ కనబడకపోవచ్చు.

పెద్దలకు వచ్చే బెరిబెరి సంగతి అప్పటికే కొంత తెలిసింది. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890 ప్రాంతాలలో కోళ్ళకు తెల్లగా పాలిష్ చేసిన బియ్యం పెడితే వాటి కాళ్ళు పడిపోవడమూ, తవుడు పెడితే తిరిగి లేవడమూ చూచాడు. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమైనచోట ఈ వ్యాధి వస్తుందని మెల్లగా తేలింది. కాని చంటిబిడ్డ అన్నం మెతుకు ముట్టదు గదా! ఆ బిడ్డకు బెరిబెరి ఎట్లు వచ్చింది?

ఇందుకు మొదటి సూచన జపానునుండి వచ్చింది. బెరిబెరి గల తల్లుల పాలు త్రాగిన పిల్లలకు ఈ జబ్బు వస్తున్నదని, ఆ పాలు మాన్పిస్తే నయమవుతున్నదని హిరోతా అనే వైద్యుడు 1898లో ప్రకటించాడు. మనీలాలో ఆండ్రూస్ మరొక అడుగు ముందుకు వేశాడు. బెరిబెరితో బిడ్డలు పోయిన తల్లుల పాలను అతడు కుక్కపిల్లలకు త్రాగించాడు. ఆ కుక్కపిల్లలు కూడ జబ్బుపడ్డాయి. బిడ్డను పోగొట్టుకొని, బాధతో పాలు చేపి వస్తుండగా, ఆ పాలను కుక్కపిల్లలకు ఇచ్చిన ఆ స్త్రీల పేర్లు ఏ పత్రికలోనూ లేవు. ఈ శాస్త్ర పరిశోధనలో వారి పాలు ఉన్నదని మాత్రం మనం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పాలలోనే ఏదో ఉన్నదని రుజువైంది. లేక, పాలలో ఏదో లేదని రుజువైందా? ఈ రెండు మాటలకు తేడా చాల ఉన్నది. పాలలో విషమున్నదంటే పాలు మాన్పించాలి. మాన్పిస్తే పేదయింటి బిడ్డకు డబ్బాపాలు ఎక్కడివి? దొరికినా ఉడకని నీళ్ళతో, ఆ ఎండలలో కలిపిపోస్తే బెరిబెరి తప్పినా అతిసారం తప్పదు. పాలలో కొరత ఉన్నదంటే, ఆ కొరతను తీర్చి పాలు ఇస్తూనే ఉండవచ్చు. కుక్కపిల్లల ప్రయోగం ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చలేదు. విషం వలననైనా, కొరత వలననైనా అవి జబ్బుపడతాయి.

తేల్చినవారు అమెరికా సైనిక వైద్యులు ఛేంబర్లెన్, వెడ్డర్. వారు వరితవుడునుండి సారం తీసి, జబ్బుపడిన పదిహేనుమంది పసిపిల్లలకు చుక్కలుగా పోశారు. తల్లిపాలు మాత్రం మాన్పించలేదు. అదే తల్లి, అవే పాలు. తేడా ఆ చుక్కలే. కొద్దిరోజులలో వాంతులు కట్టాయి, ఆయాసము, వాపు తగ్గాయి. పోయిన గొంతు మాత్రం అన్నిటికంటె నిదానంగా తిరిగివచ్చింది. ఈ ఫలితాలు 1912లో అచ్చయినవి. అదే సంవత్సరం కాసిమీర్ ఫంక్ ‘విటమిన్’ అన్న పేరు పెట్టాడు. పాలు విషం కాదు. తల్లి శరీరంలో లేనిది ఆమె పాలలోకి రాలేదు, అంతే. నా ఉద్దేశంలో శిశుపోషణ చరిత్రలో ఇంత చిన్న ప్రయోగంతో ఇంత పెద్ద అపవాదు తొలగిపోయిన సందర్భం మరొకటి లేదు. తవుడును తగలాగ్ భాషలో ‘తికితికి’ అంటారు. ఆ పేరుతోనే ఆ సారం మనీలాలో ఇంటింటా తెలిసిన మందయింది. చంటిబిడ్డలకు తల్లిపాలతోపాటు ఇచ్చిన తొలి విటమిన్ చుక్కలలో ఇది ఒకటి.

ఆ తవుడు సారంలో పనిచేసే వస్తువేదో శుద్ధిచేసి ఇమ్మని 1910లో వెడ్డర్ ఒక యువ రసాయనజ్ఞుని అడిగాడు. అతడు రాబర్ట్ విలియమ్స్. ఈయన 1886లో మన నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. బాల్యం ఈ దేశంలో గడిపి, అమెరికాలో చదువుకొని, ఉద్యోగరీత్యా మనీలా చేరాడు. వెడ్డర్ అడిగిన పని త్వరలో అయిపోతుందనుకున్నాడో ఏమో, దానికి 26 సంవత్సరాలు పట్టింది! అందులో ఎక్కువకాలం అమెరికాలో టెలిఫోను పరిశోధనాలయంలో ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళలలో చేసిన కృషి. నడుమ 1926లో జావాలో యాన్సెన్, దొనాత్ అనేవారు తవుడునుండి ఆ పదార్థపు స్ఫటికాలను విడదీశారు. దాని అణునిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసినది మాత్రం విలియమ్స్, ఆయన సహచరులే (1936). అదే థయమిన్, అనగా విటమిన్ బి1. చంటిబిడ్డకు రోజుకు కావలసినది ఒక మిల్లీగ్రాములో అయిదవవంతు మాత్రమే. దానిపై పేటెంటువలన వచ్చిన ధనంలో అధికభాగాన్ని ఆయన పోషకాహార కృషికై ఒక నిధికి మళ్ళించాడు. 1948లో ఫిలిప్పీనులోని బతాన్ రాష్ట్రంలో హువాన్ సల్సేదో నాయకత్వాన థయమిన్ కలిపిన బియ్యాన్ని ప్రజలకు అందించగా, బెరిబెరి మరణాలు బాగా తగ్గిపోయినవి.

మన కోస్తా జిల్లాలకు ఈ కథతో విలియమ్స్ పుట్టుక ఒక్కటే సంబంధం కాదు. విశాఖపట్టణం మొదలు గుంటూరు వరకు గల ప్రాంతం, అప్పటి వాడుకలో ఉత్తర సర్కారులు, భారతదేశంలో బెరిబెరికి పేరుపడిన చోటు. అరవదేశంలో అంతే వరి తింటున్నా అక్కడ వ్యాధి అరుదు. కారణం ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి దంపితే పైపొరలలోని థయమిన్ నీటితోపాటు గింజ లోపలికి చేరుతుంది. తర్వాత మరలో ఎంత తెల్లగా తొక్కినా కొంత మిగులుతుంది. మనవారికి పచ్చిబియ్యం ప్రీతి. చేతిదంపుడు ఉన్నన్నాళ్ళు ఆ ప్రీతి ప్రమాదం కాలేదు. మరలు వచ్చాయి. ఆ తెల్లబియ్యాన్ని నాలుగునీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్తా పోయింది. ఆపైన బాలింత పథ్యం! పప్పులు కూడదు, కూరలు కూడదు, అన్నమూ కారప్పొడీ అంటే, ఎవరికి ఎక్కువ పోషణ కావాలో ఆమెకే అందరికంటె తక్కువ అందేది.

1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఆధ్వర్యాన వెలసిన చిన్న పరిశోధన విభాగం పేరే ‘బెరిబెరి విచారణ’. అది పెరిగి పోషకాహార పరిశోధనాలయమైంది. దాని డైరెక్టరు ఐక్రాయిడ్, కృష్ణన్‌తో కలిసి మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలను పరిశీలించి 1941లో ప్రకటించాడు. మనీలా బిడ్డల జబ్బు గోదావరి, కృష్ణా డెల్టాల ఇండ్లలోనూ ఉన్నదా అన్న ప్రశ్న అట్లు మన లెక్కలలోకి ఎక్కింది. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతున్నది.

ఇంతవరకు చెప్పిన కొరత తల్లి తిండిలోని కొరత. తల్లికి పెడితే పాలలోకి వస్తుంది. ఇనుము సంగతి అట్లు కాదు. స్విట్జర్లండులోని బాసెల్‌లో ఆచార్యుడైన బుంగే కుక్కపిల్లను కాల్చిన బూడిదను, తల్లికుక్క పాలను కాల్చిన బూడిదను పోల్చిచూచి 1889లో ఒక వింత ప్రకటించాడు. సున్నము, భాస్వరము మొదలైనవన్నీ రెండింటిలోనూ ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉన్నాయి. ఇనుము మాత్రం పాలలో ఆరవవంతే. ప్రకృతి మరచిందా? లేదు; పిల్ల పుట్టేటప్పుడే ఇనుమును కాలేయంలో మూటగట్టుకొని వస్తుందని ఆయన వివరించాడు. మానవశిశువు కూడ అంతే. తల్లి ఎన్ని ఇనుము మాత్రలు వేసుకున్నా చనుబాలలోని ఇనుము చెప్పుకోదగినంత పెరగదు. ఉన్న కొద్దిపాటి మాత్రం బిడ్డకు బాగా వంటబడుతుంది. మాత్రలు పనిచేసేది బిడ్డ కడుపులో ఉన్నప్పుడు. ఆ మూట ఎక్కువగా నిండేది చివరి మూడు నెలలలో. కావున నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ సగం మూటతోనే వస్తుంది. నిండునెలల బిడ్డకైనా ఆరు నెలలకు మూట ఖాళీ కావస్తుంది. బిడ్డ పుట్టిన వెంటనే కాక ఒకటి రెండు నిమిషాలు ఆగి బొడ్డు కోయమని నేటి వైద్యులు చెప్పేది, మాయలోని రక్తంతోపాటు మరికాస్త ఇనుము మూటలో పడుతుందనే.

ఇనుము ఇచ్చి ఫలితం చూపినది హెలెన్ మెకే అనే వైద్యురాలు. తూర్పు లండనులోని పేదల పిల్లల ఆసుపత్రిలో 1920 తర్వాతి సంవత్సరాలలో ఆమె వందలకొద్ది పిల్లల రక్తం పరీక్షించింది. సీసాపాల పిల్లలకే గాక, కొంత తక్కువగా చనుబాల పిల్లలకు కూడ రక్తహీనత కనిపించింది. ఇనుము లవణం ఇచ్చిన పిల్లలకు రక్తం పుంజుకొనడమే కాదు, జలుబులు, విరేచనాలు వంటి జబ్బులు ఇంచుమించు సగానికి తగ్గినట్లు ఆమె 1931 నివేదికలో వ్రాసింది. పాలిపోయిన పిల్లలను ‘వీళ్ళింతే’ అని వదిలివేసే కాలంలో ఆమె సూదిమొనపై రక్తపు బొట్టుతో వాదించింది.

విటమిన్ డి ఈ రెండింటికి నడుమనున్నది. అది ముఖ్యంగా ఎండవలన చర్మంలో తయారయ్యే వస్తువు. చనుబాలలో బహు స్వల్పం. న్యూయార్కులోని కొలంబస్ హిల్ పేటలో ఇరుకు ఇండ్లలో ఉండే నల్లజాతి శిశువులకు, తల్లిపాలు త్రాగేవారికి కూడ, రికెట్స్ వచ్చి కాళ్ళు వంకరలు పోయేవి. హెస్, అంగర్ అనే వైద్యులు వారికి కాడ్‌లివర్ నూనె ఇచ్చి వ్యాధిని చాలవరకు అరికట్టగలమని 1917లో చూపారు. తల్లికే పెద్ద మోతాదులో, అనగా రోజుకు 6400 యూనిట్లు ఇస్తే పాలలోకి చాలినంత వస్తుందని అమెరికాలో 2015లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. కాని అంత మోతాదు వాడుకలోకి రాలేదు. బిడ్డకు చుక్కలే సులువు.

బెరిబెరి మాత్రం చరిత్రలో కలిసిపోలేదు. ఇటీవలి సంవత్సరాలలో కాశ్మీరు వైద్యులు తల్లిపాలు త్రాగే రెండు మూడు నెలల పిల్లలలో దీనిని మళ్ళీ గుర్తించారు. అక్కడి బాలింతల ఆహారం పదేపదే కడిగి వండిన తెల్లబియ్యం. బిడ్డ ఆయాసంతో, వాంతులతో, మూలుగుతో ఆసుపత్రికి వస్తుంది. రక్తపరీక్ష ఫలితాలు వచ్చేవరకు ఆగితే చేయిదాటవచ్చును గనుక, అనుమానం కలిగిన వెంటనే థయమిన్ సూది వేస్తారు. కొన్ని గంటలలో ఊపిరి కుదుటపడుతుంది. ఆ తర్వాత తల్లికి థయమిన్ మాత్రలిచ్చి, బిడ్డను తిరిగి ఆమె రొమ్ముకే అందిస్తారు.